పది అంకెల గుర్తింపు

మొబైల్ ఫోను వాడే ప్రతి మనిషికీ నెట్‌వర్క్ దృష్టిలో మూడు గుర్తింపులు ఉంటాయి. అందరికీ తెలిసినది పది అంకెల నంబరు. రెండోది సిమ్ కార్డు లోపల ఉండే ఐఎంఎస్ఐ. గరిష్ఠంగా 15 అంకెలుండే ఈ సంఖ్యలో మొదటి మూడూ దేశాన్ని సూచిస్తాయి. భారతదేశానికి 404, 405 కేటాయించారు. ఆ తర్వాతి రెండు మూడు అంకెలు కంపెనీవి, మిగిలినవి చందాదారువి. మూడోది చేతిలోని యంత్రానిది, ఐఎంఈఐ. ఏ ఫోనులోనైనా *#06# నొక్కితే తెర మీద కనబడే 15 అంకెలు అవే. వాటిలో మొదటి ఎనిమిది ఫోను మోడల్‌ని, తర్వాతి ఆరు ఆ ఒక్క ఫోనుని గుర్తిస్తాయి. చివరిది మిగతా అంకెలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూసేందుకు పెట్టిన అంకె.

ఈ మూడూ విడివిడిగా ఉండటం వల్లే చాలా పనులు సాధ్యమవుతున్నాయి. నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం దేశమంతటా 2011 జనవరి 20న వచ్చింది. అలా మారినప్పుడు చేతికి కొత్త సిమ్, దానిలో కొత్త ఐఎంఎస్ఐ వస్తాయి. పాత నంబరును తెచ్చి ఆ కొత్త ఐఎంఎస్ఐకి ముడివేస్తారు. ఫోను కొట్టేసిన దొంగ పాత సిమ్ పారేసి తన సిమ్ వేసుకున్నా ఐఎంఈఐ మాత్రం మారదు. పోయిన ఫోన్లను దేశంలోని ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయకుండా ఆపే కేంద్ర రిజిస్టరు నడిచేది దీని ఆధారంగానే.

మూడింటిలో నంబరుకు మొదట అప్పగించిన పని చాలా చిన్నది: పిలుపును సరైన చోటికి చేర్చడం. 1995 జులై 31న కలకత్తా రైటర్స్ బిల్డింగ్ నుంచి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి దేశంలో మొబైల్ సేవలకు శ్రీకారం చుట్టిన నాటికి నంబరు చేసే పని అంతే. ఈనాడు అదే నంబరు బ్యాంకు ఖాతాకు తాళంచెవి, ప్రభుత్వ పథకానికి అర్హత పత్రం, వాట్సాప్‌లో పేరు, యూపీఐలో చిరునామా, కోర్టులో సాక్ష్యం. నిరూపణ కోసం తయారుకాని వస్తువు మీద నిరూపణ భారమంతా పడింది. వంద కోట్లకు పైగా మొబైల్ కనెక్షన్లున్న దేశంలో దీని పర్యవసానాలు సాంకేతికతతో ఆగిపోవు. అవి ఇంటి లోపలికి, అప్పుల్లోకి, ఆడపిల్లల భద్రతలోకి, రాజ్యాంగంలోకి వెళ్లాయి.

నెట్‌వర్క్ మనిషిని గుర్తుపట్టే తీరు

సిమ్ కార్డు ఒక చిన్న కంప్యూటరు. దాని లోపల 128 బిట్ల రహస్య సంఖ్య ఒకటి ఉంటుంది. దాని ప్రతి మరొకటి కంపెనీ కేంద్రంలో మాత్రమే ఉంటుంది. ఫోను ఆన్ చేయగానే నెట్‌వర్క్ అప్పటికప్పుడు ఒక యాదృచ్ఛిక సంఖ్యను పంపుతుంది. సిమ్ ఆ సంఖ్యనూ తన రహస్యాన్నీ కలిపి ఒక లెక్క చేసి జవాబు తిప్పి పంపుతుంది. కేంద్రం కూడా అదే లెక్క చేసి, రెండు జవాబులూ కలిస్తే చందాదారుని లోపలికి అనుమతిస్తుంది. అసలు రహస్యం ఒక్కసారి కూడా గాలిలోకి రాదు. 1991లో ఫిన్లాండులో మొదలైన జీఎస్ఎం వ్యవస్థ చేసిన మంచి పనుల్లో ఇదొకటి. దాని ముందుతరం అనలాగ్ ఫోన్ల గుర్తింపు సంఖ్యలను గాలిలోంచి పట్టి నకిలీ ఫోన్లు తయారు చేసేవారు. ఆ బెడద దీనితో చాలావరకు తగ్గింది.

అదే వ్యవస్థలో ఒక పెద్ద లోపం కూడా ఉండిపోయింది. 2జీలో ఫోను తానెవరో నెట్‌వర్క్‌కు నిరూపించుకోవాలి. నెట్‌వర్క్ మాత్రం తానెవరో ఫోనుకు నిరూపించుకోనక్కర్లేదు. ఏ పెట్టె వచ్చి తానే టవర్‌నని చెప్పినా ఫోను నమ్మేస్తుంది. ఐఎంఎస్ఐ క్యాచర్ అనే పరికరాలు పుట్టింది ఈ సందులోంచే. వాటిని ఒక వీధిలోనో సభాస్థలి దగ్గరో పెడితే చుట్టుపక్కల ఫోన్లన్నీ తమ సిమ్ సంఖ్యలను చెప్పేస్తాయి. మామూలు సమయాల్లో ఐఎంఎస్ఐ బయట పడకుండా నెట్‌వర్క్ ప్రతి సిమ్‌కూ ఒక తాత్కాలిక సంఖ్య ఇచ్చి దాన్ని మారుస్తూ ఉంటుంది. కానీ తాత్కాలిక సంఖ్య అర్థం కాలేదని టవర్ అంటే చాలు, ఫోను అసలు సంఖ్య ఇచ్చేస్తుంది. 3జీ వచ్చాక నెట్‌వర్క్ కూడా తనను నిరూపించుకోవడం మొదలైంది గాని, ఈ ప్రశ్నోత్తరం ఆ నిరూపణకు ముందే జరుగుతుంది కాబట్టి 4జీ దాకా ఆ దారి మూసుకుపోలేదు.

దారి మూసింది 5జీ. దాని ప్రమాణం ప్రకారం సిమ్ తన అసలు గుర్తింపును సొంత కంపెనీ మాత్రమే విప్పగల రహస్య లిపిలోకి మార్చి పంపుతుంది. దారిలో ఎవరు పట్టుకున్నా అర్థం లేని అంకెలే చేతికొస్తాయి, పైగా అవి ప్రతిసారీ మారతాయి. అయితే ఈ రక్షణ పూర్తిగా 5జీ కేంద్రంతో నడిచే నెట్‌వర్క్‌లకే వర్తిస్తుంది. టవర్ 5జీ అయినా వెనక కేంద్రం 4జీదైతే పాత సందు పాతదే. తెర మీద 5జీ గుర్తు చూసి ఈ రక్షణ ఉందని అనుకోవడానికి లేదు.

టవర్ల వెనక, కంపెనీకీ కంపెనీకీ మధ్య నడిచే సంకేత వ్యవస్థ ఇంకా పాతది. ఎస్ఎస్7 అనే ఈ వ్యవస్థను 1970ల్లో రూపొందించారు. అప్పట్లో టెలిఫోన్ సంస్థలు దేశానికి ఒకటో రెండో ఉండేవి, ఒకదాన్నొకటి నమ్మేవి. ఆ నమ్మకమే నియమాల్లోకి ఎక్కింది. ఏదో ఒక దేశంలోని నెట్‌వర్క్‌లోకి చొరబడినవారు మరో దేశంలోని చందాదారు ఎక్కడున్నాడో అడగవచ్చు, అతని ఎస్ఎంఎస్‌లను తమవైపు మళ్లించుకోవచ్చు. 2014 డిసెంబరులో జర్మనీలో జరిగిన హ్యాకర్ల మహాసభలో టోబియాస్ ఎంగెల్, కార్‌స్టెన్ నోల్ అనే పరిశోధకులు దీన్ని బహిరంగంగా చేసి చూపించారు. 2017లో అదే దేశంలో కొందరి బ్యాంకు ఓటీపీలను ఇదే దారిలో మళ్లించి డబ్బు కాజేశారు. ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ మీద దేశాల ఆర్థిక వ్యవస్థలు ఆధారపడ్డాక కూడా దాని పునాది అంత పాతదే.

మాటలు వినకుండానే తెలిసేవి

ఫోను ఎక్కడుందో నెట్‌వర్క్‌కు తెలియడం ఎవరి దురుద్దేశమూ కాదు. తెలియకపోతే కాల్ వచ్చినప్పుడు ఏ టవర్ నుంచి మోగించాలో దానికి అంతుబట్టదు. అందుకే జేబులో ఊరికే ఉన్న ఫోను కూడా తన ఉనికిని చెబుతూనే ఉంటుంది. టవర్లు దగ్గర దగ్గరగా ఉండే నగరంలో ఆ ఉనికి కొన్ని వందల మీటర్ల లోపు తెలుస్తుంది. పల్లెల్లో కొన్ని కిలోమీటర్ల మేర ఉండవచ్చు. సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి టవర్ నుంచి ఫోను దూరాన్ని కూడా లెక్కిస్తారు. 2జీలో ఈ కొలత సుమారు 550 మీటర్ల మెట్లలో ఉండేది, తర్వాతి తరాల్లో ఇంకా సూక్ష్మమైంది.

ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు, ఏ టవర్ కింద నుంచి మాట్లాడారన్న చిట్టానే కాల్ రికార్డు అంటారు. మాట్లాడిన మాట అందులో ఉండదు. ఉండదు కాబట్టి హాని లేదనే వాదన చాలాకాలం నడిచింది. ఊరి పోస్టుమ్యాన్ ఒక్క కవరూ విప్పకుండానే ఏ ఇంటికి కోర్టు నోటీసు వచ్చిందో, ఏ ఇంటి కొడుకు డబ్బు పంపడం మానేశాడో చెప్పగలిగేవాడు. కాల్ రికార్డు చేసేది అదే పని, కానీ కోట్ల ఇళ్లకు, ఏళ్ల తరబడి, మరపు లేకుండా. అర్ధరాత్రి ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వెళ్లిన కాల్, వరసగా మూడు రోజులు క్యాన్సర్ ఆసుపత్రి టవర్ కింద కనబడ్డ ఫోను, ఒక విలేకరికీ ఒక ప్రభుత్వోద్యోగికీ మధ్య నడిచిన నిమిషం సంభాషణ: వీటిలో మాటలు వినాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

దీన్ని అందరికీ కళ్లకు కట్టినవాడు జర్మనీ గ్రీన్ పార్టీ నాయకుడు మాల్టే స్పిట్జ్. తన గురించి టెలికాం కంపెనీ దాచిన సమాచారం తనకివ్వాలని దావా వేసి, 2009 ఆగస్టు నుంచి 2010 ఫిబ్రవరి దాకా ఆరు నెలల రికార్డు తెచ్చుకున్నాడు. అందులో 35,000కు పైగా పంక్తులున్నాయి. 2011లో ‘డై త్సైట్’ పత్రిక వెబ్‌సైట్ వాటిని పటం మీదికి ఎక్కించింది. అతను ఏ రైల్లో ఎక్కాడు, ఎప్పుడు నిద్రపోయాడు, ఏ వీధిలో బీరు తాగాడు అన్నవన్నీ జనం వేలు పెట్టి చూసుకోగలిగారు.

పేర్లు తీసేస్తే సరిపోతుందన్న సమాధానాన్ని 2013లో మరో అధ్యయనం తోసిపుచ్చింది. ఈవ్-అలెగ్జాండర్ ద మోంజోయ్, ఆయన సహచరులు ఐరోపాలోని ఒక దేశానికి చెందిన 15 లక్షల మంది ఫోన్ల జాడలను 15 నెలల పాటు పరిశీలించారు. పేరూ నంబరూ లేని ఆ రాశిలో ఒక మనిషిని మిగతా అందరి నుంచీ వేరుచేయడానికి ఎన్ని గుర్తులు కావాలన్నది వారి ప్రశ్న. గంట వరకు సమయం, టవర్ వరకు స్థలం తెలిసిన నాలుగు గుర్తులు చాలని తేలింది. 95 శాతం మంది విషయంలో ఆ నాలుగింటికీ సరిపోయే జాడ ఒక్కటే ఉంది. ఇల్లు, పనిచేసే చోటు, పిల్లల బడి, ఆదివారం వెళ్లే గుడి: ఈ నాలుగూ కలిసి వచ్చే మనిషి ఊళ్లో ఇంకొకరు ఉండటం చాలా అరుదు. పేరు లేకపోయినా నడక మనిషిని పట్టిస్తుంది. ఈ ఫలితాన్ని అర్థం చేసుకున్నవారెవరూ పేర్లు తొలగించాం కాబట్టి అమ్ముకుంటాం అనే కంపెనీ మాటను తేలిగ్గా ఒప్పుకోలేరు.

స్మార్ట్‌ఫోన్ వచ్చాక జాడ పట్టేది టెలికాం కంపెనీ ఒక్కటే కాకుండా పోయింది. ప్రతి ఫోనుకూ ప్రకటనల కోసం ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. వాతావరణం చెప్పే యాప్, ఆటల యాప్, కూపన్ల యాప్ ఆ సంఖ్యతో పాటు జీపీఎస్ స్థానాన్ని దళారులకు చేరవేస్తే, అది చేతులు మారుతూ పోతుంది. 2019 డిసెంబరులో ‘న్యూయార్క్ టైమ్స్’ చేతికి అలాంటి ఒక్క దళారి ఫైలు చిక్కింది. అందులో 1.2 కోట్ల ఫోన్లకు చెందిన 5,000 కోట్ల స్థాన సూచనలున్నాయి. ఆ పత్రికా రచయితలు అందులోంచి సైనికాధికారుల ఇళ్లను కూడా గుర్తుపట్టగలిగారు.

ఆధార్, సిమ్, సుప్రీంకోర్టు

భారతదేశంలో సిమ్ కొనాలంటే గుర్తింపు పత్రం చూపాలన్న నియమం ఎప్పటినుంచో ఉంది. దుకాణదారు జిరాక్సు కాగితాన్నీ ఫోటోనీ తీసుకునేవాడు. ఆ కాగితాలతోనే మరొకరికి సిమ్ ఇచ్చేసిన కేసులకు లెక్కలేదు. 2016లో ఆధార్ ఈ-కేవైసీకి అనుమతి వచ్చాక పద్ధతి మారింది. వేలు ఆనిస్తే చాలు, పేరూ చిరునామా కంపెనీ తెర మీదికి వచ్చేవి. ఆ ఏడాది సెప్టెంబరులో మొదలైన జియో కొన్ని నెలల్లోనే పది కోట్ల మందిని చేర్చుకోగలగడానికి ఈ వేగం కూడా ఒక కారణం. 2017 మార్చి 23న టెలికాం శాఖ ఇంకో అడుగు వేసి, ఉన్న చందాదారులందరూ ఆధార్‌తో మళ్లీ ధ్రువీకరించుకోవాలని సర్క్యులర్ ఇచ్చింది. లింక్ చేయకపోతే నంబరు ఆగిపోతుందన్న మెసేజీలు వృద్ధుల నుంచి కూలీల దాకా అందరినీ సెంటర్ల ముందు నిలబెట్టాయి. పనిచేసి పనిచేసి వేలిగీతలు అరిగిపోయినవారికి ఆ నిలబడటం ఎన్నోసార్లు వృథా అయింది.

ఒక గుర్తింపు మీద ఇన్ని సేవలు వేలాడితే జరిగేదేమిటో అదే ఏడాది తెలిసింది. సిమ్ ధ్రువీకరణ కోసం వేలు పెట్టిన లక్షలాది ఎయిర్‌టెల్ చందాదారుల పేరిట, వారికి స్పష్టంగా తెలియకుండానే, ఆ సంస్థ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయి. వంటగ్యాస్ సబ్సిడీ చివరగా లింకైన ఖాతాలో పడుతుంది కాబట్టి ఆ డబ్బు అక్కడికి మళ్లింది. సబ్సిడీ రాలేదని పాత బ్యాంకు చుట్టూ తిరిగినవారికి తమ పేర మరో ఖాతా ఉందన్న సంగతి తెలిసే అవకాశమే లేదు. 2017 డిసెంబరులో ఆధార్ ప్రాధికార సంస్థ ఆ కంపెనీ ఈ-కేవైసీ అనుమతిని తాత్కాలికంగా నిలిపివేసింది. మళ్లిన డబ్బును వెనక్కి ఇప్పించారు.

రెండో ఉదాహరణ తెలంగాణది. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్‌ల పంపిణీదారు అమ్మకాల టార్గెట్ కోసం రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో జనానికి అందుబాటులో ఉన్న భూమి దస్తావేజులను దించుకున్నాడు. వాటిలో ఆధార్ సంఖ్యలున్నాయి, వేలిముద్రలున్నాయి. రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ ముద్రలకు నకళ్లు పోసి వేల సిమ్‌లను యాక్టివేట్ చేశాడు. అక్కడ వాడింది పెద్ద విద్యేమీ కాదు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు, వేలిముద్ర పోతే మార్చుకోలేరు. అలాంటిదాన్ని ఒక శాఖ రహస్యంగా, మరో శాఖ బహిరంగ పత్రంగా చూస్తే రెండింటి మధ్యా నలిగేది ఆ వేలి యజమాని.

ఈలోగా గోప్యత ప్రాథమిక హక్కు అవునా కాదా అన్న ప్రశ్నే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 2012లో ఆధార్‌పై పిటిషన్ వేసినవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. రాజ్యాంగంలో అటువంటి హక్కు లేదని, 1954, 1962 నాటి పెద్ద ధర్మాసనాల తీర్పులు అదే చెబుతున్నాయని కేంద్రం వాదించింది. ఆ ముడి విప్పడానికి తొమ్మిది మంది న్యాయమూర్తులు కూర్చోవలసి వచ్చింది; వారిలో కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ ఒకరు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మందీ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు. ప్రభుత్వం అందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, తీసుకునే చర్య ఆ ప్రయోజనానికి తగినంతే ఉండాలి.

ఆ కొలబద్దతోనే 2018 సెప్టెంబరు 26న అయిదుగురు సభ్యుల ధర్మాసనం ఆధార్ కేసును తేల్చింది. సంక్షేమ పథకాలకు ఆధార్ చెల్లుతుందని మెజారిటీ చెప్పింది. సిమ్‌తో లింక్ చేయాలన్న సర్క్యులర్‌ను కొట్టేసింది. కొద్దిమంది సిమ్‌లను దుర్వినియోగం చేస్తున్నారని దేశ జనాభా అంతటి మీదా ఇంత చొరబాటు తగదన్నది దాని తర్కం. తర్వాతి ఏడాది చట్ట సవరణతో ఇష్టపూర్వకంగా ఆధార్ ఇచ్చే మార్గం తెరిచారు. కౌంటర్ దగ్గర నిలబడినవారికి ఆ ఇష్టం ఎంత నిజమైనదో వేరే సంగతి; అక్కడ మొదట అడిగేది ఇప్పటికీ ఆధారే.

ఒకరి నంబరు, మరొకరి చేయి

నంబరే మనిషి అన్న ఊహ వెనక ఇంకొక ఊహ దాగి ఉంది: ఒక నంబరు ఒక్కరిదే, ఎప్పటికీ వారిదే అని. రెండూ నిజం కావు.

నంబర్లు తిరిగి వాడుకలోకి వస్తాయి. వాడకం ఆగిన నంబరును కనీసం 90 రోజుల తర్వాత కంపెనీ మరొకరికి ఇవ్వవచ్చు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ పద్ధతిని తప్పుపట్టలేదు. పాత నంబరు మీద ఉన్న వాట్సాప్ సమాచారాన్ని తొలగించుకోవడం పాత చందాదారు బాధ్యత అంది. పది అంకెల సంఖ్యలు పరిమితం కాబట్టి కంపెనీల ఇబ్బంది అర్థమయ్యేదే. కానీ రీచార్జ్ చేయించుకోలేక నంబరు పోగొట్టుకున్న కూలీ తన బ్యాంకులో, రేషన్ కార్డులో, ఆధార్‌లో, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఆ నంబరును ఒక్కొక్కటిగా మార్చుకోవాలి. పాత నంబరుకు ఓటీపీ పంపి కొత్త నంబరు నమోదు చేసుకోమనే చోట ఆ పని మొదలే కాదు. అవతల ఆ నంబరు కొత్తగా పొందిన మనిషికి అపరిచితుల అప్పుల వసూలు కాల్స్ వస్తుంటాయి.

సిమ్ స్వాప్ మోసం పుట్టింది కూడా ఇక్కడే. బాధితుడి పేరుతో సిమ్ పోయిందని చెప్పి డూప్లికేట్ తీసుకుంటే, అసలు ఫోనులో సిగ్నల్ పోతుంది, ఓటీపీలన్నీ దొంగకు చేరతాయి. దీన్ని ఆపడానికి 2022లో సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్ఎంఎస్‌లు నిలిపేసే నియమం తెచ్చారు. సిమ్ మార్చిన వారం లోపు వేరే కంపెనీకి మారడాన్ని 2024 జులై 1 నుంచి ఆపారు. తన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో ఎవరికి వారు చూసుకునే ప్రభుత్వ పోర్టల్ 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే ప్రారంభమైంది; రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కలో రెండూ ఇంకా ఒకే సర్కిల్. మనిషికి తొమ్మిది సిమ్‌ల పరిమితి ఉన్నా, తమ పేర తమకు తెలియని నంబర్లున్నాయని అప్పుడు తెలుసుకున్నవారు చాలామంది.

ఇక ఇల్లు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్నవారు 54 శాతమే. మిగతావారి పేరుతో వచ్చే ఓటీపీ భర్త ఫోనుకో, కొడుకు ఫోనుకో వస్తుంది. డ్వాక్రా రుణం, ప్రసూతి సాయం, ఆసుపత్రి రిపోర్టు, అన్నీ మొదట మరొకరి కంటపడతాయి. గర్భ పరీక్ష గురించో భర్త కొట్టాడన్న ఫిర్యాదు గురించో వచ్చే మెసేజీ ఆ ఇంట్లో ఎవరు ముందు చదువుతారన్నది సేవల రూపకర్తలు అడగవలసిన మొట్టమొదటి ప్రశ్న. చాలా దరఖాస్తు ఫారాలు దాన్ని అడగవు. సొంత ఫోనున్న అమ్మాయికి మరో చిక్కు: రీచార్జ్ షాపులో నంబరు బయటికి చెప్పాలి. అలా చెప్పిన నంబరుకు ఆ రాత్రి నుంచే తెలియనివాళ్ల కాల్స్ మొదలైన అనుభవాలు ఎంత మామూలు అయ్యాయంటే, అసలు నంబరు చెప్పకుండా రీచార్జ్ చేసుకునే ఏర్పాటును కొన్ని కంపెనీలు ప్రత్యేకంగా తీసుకురావలసి వచ్చింది.

నంబరు తెలిస్తే చాలు, ఇంకా ఎంతో తెలుస్తుంది. యూపీఐ యాప్‌లో నంబరు కొడితే బ్యాంకు ఖాతాలోని పేరు కనబడుతుంది. వాట్సాప్‌లో ఫోటో కనబడవచ్చు. పది అంకెల్లో సాధ్యమైన కలయికలను వరసగా ప్రయత్నించడం కంప్యూటరుకు పెద్ద పని కాదు. వియన్నా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ విధంగానే 350 కోట్ల వాట్సాప్ ఖాతాలను లెక్కకు తెచ్చామని 2025 నవంబరులో వెల్లడించారు. సందేశాలకు బలమైన రహస్య లిపి రక్ష ఉన్నా, ఫలానా నంబరు ఉంది, దానికి ఫలానా ముఖం ఉంది అన్న సంగతి దాగలేదు.

కాంటాక్టులు తాకట్టు

ఫోనులోని కాంటాక్టుల జాబితా ఎవరి సొత్తన్న ప్రశ్నకు చట్టాలింకా సరైన జవాబు చెప్పలేదు. ఒక మనిషి ‘అనుమతించు’ అని నొక్కితే యాప్‌కు అందేవి ఆ మనిషికి సంబంధించినవి కావు; వందల మంది బంధుమిత్రుల పేర్లూ నంబర్లూ. వారిలో ఒక్కరినీ ఎవరూ అడగలేదు.

దీని అత్యంత క్రూర రూపాన్ని హైదరాబాద్ చూసింది. కరోనా లాక్‌డౌన్‌లో ఆదాయాలు ఆగిపోయిన 2020లో, నిమిషాల్లో అప్పు ఇస్తామనే లోన్ యాప్‌లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. మూడు వేలో అయిదు వేలో అప్పు, వారం రోజుల గడువు, ముందే కోసుకునే ఫీజు. హామీ అడగరు, ఆస్తి అడగరు. కాంటాక్టులు, ఫోటోల అనుమతి అడుగుతారు. తాకట్టు పెట్టించుకున్నది అక్షరాలా పరువునే. గడువు దాటిన రోజు నుంచి కాల్ సెంటర్ల సిబ్బంది అప్పు తీసుకున్నవారి అత్తగారికి, పై అధికారికి, పాత స్నేహితులకు ఫోను చేసి దొంగ అని చెప్పేవారు. ఫోటోలను మార్ఫ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవారు. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరస కేసులు పెట్టి కాల్ సెంటర్ల మీద దాడులు చేశాక ఈ వ్యాపారం పరిమాణం దేశానికి తెలిసింది.

రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో అధ్యయన బృందాన్ని వేసి, 2022 సెప్టెంబరు 2న మార్గదర్శకాలు ఇచ్చింది. రుణ యాప్‌లు ఫోనులోని ఫైళ్లను, కాంటాక్టులను, కాల్ జాబితాలను ముట్టుకోకూడదు. కెమెరా, మైకు, స్థానం లాంటివి చేరిక సమయంలో ఒక్కసారికి, అదీ స్పష్టమైన అనుమతితోనే. 2023లో గూగుల్ కూడా ప్లే స్టోర్‌లోని వ్యక్తిగత రుణ యాప్‌లకు కాంటాక్టులు, ఫోటోలు అందకుండా నిషేధించింది. ఈ నిషేధం సాంకేతికంగా 2020లోనూ సాధ్యమే. ప్రాణాలు పోయాక గాని అది రాలేదు.

వినేవారి మీద అదుపు

ప్రభుత్వం ఫోను వినే అధికారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి వచ్చింది. 1996 డిసెంబరులో పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ అధికారానికి హద్దులు గీసింది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, అది రెండు నెలలకే చెల్లాలి, పొడిగించినా మొత్తం ఆరు నెలలు మించరాదు, ఒక సమీక్షా సంఘం చూడాలి. ఉత్తర్వు ఇచ్చేవారూ సమీక్షించేవారూ ప్రభుత్వ అధికారులే; న్యాయమూర్తి పాత్ర లేదు. 2023 టెలికాం చట్టం కింద వచ్చిన కొత్త నిబంధనల్లోనూ అంతే. కాల్ రికార్డుకైతే ఆ మాత్రం కట్టుదిట్టం కూడా లేదు. కంపెనీలు దాన్ని రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతు మార్చారు, అంతకు ముందు ఒక ఏడాదే. మాటలకిచ్చిన రక్షణ జాడకు ఇవ్వకపోవడం, పైన చెప్పిన నాలుగు గుర్తుల అధ్యయనం తర్వాత, సమర్థించుకోలేని తేడా.

పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ ఆరోపణలపై 2021 అక్టోబరు 27న అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం సాంకేతిక కమిటీని వేసింది. జాతీయ భద్రత అన్న మాట పలికినంత మాత్రాన కోర్టు చూస్తూ ఊరుకోదని స్పష్టం చేసింది. కమిటీ పరిశీలించిన 29 ఫోన్లలో అయిదింటిలో ఏదో ఒక హానికర సాఫ్ట్‌వేర్ కనిపించిందనీ, అది పెగాససేనని తేల్చలేకపోయారనీ 2022లో కోర్టు చెప్పింది.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి; ప్రధాన బాధ్యతలు మరో 18 నెలలకు అమల్లోకి వస్తాయి. అడిగిన పనికి కావలసినంత సమాచారమే తీసుకోవాలని, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చని చట్టం చెబుతుంది. దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలతో ప్రభుత్వ సంస్థలకు పూర్తి మినహాయింపు ఇచ్చే అధికారాన్ని కూడా కేంద్రం చేతిలో పెట్టింది.

నంబరు మీద ఇంత బరువు వేయాలా అన్న విషయంలో ఇప్పుడు రెండు దారులు కనబడుతున్నాయి. సిగ్నల్ మెసేజింగ్ యాప్ 2024 ఫిబ్రవరిలో నంబరు ఎదుటివారికి చెప్పకుండా యూజర్‌నేమ్‌తోనే మాట్లాడుకునే వీలు కల్పించింది. రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాలు ఎస్ఎంఎస్ ఓటీపీ ఒక్కదాని మీదే ఆధారపడకుండా ఇతర ధ్రువీకరణ పద్ధతులకు బ్యాంకులను ప్రోత్సహిస్తున్నాయి. టెలికాం శాఖ నడక వేరు. 2025 నవంబరు చివరలో అది వాట్సాప్ వంటి యాప్‌లు ఖాతా తెరిచిన సిమ్ ఫోనులో ఉన్నంతసేపే పనిచేయాలని ఆదేశించింది. ప్రభుత్వానికి చెందిన సంచార్ సాథీ యాప్‌ను ప్రతి కొత్త ఫోనులోనూ ముందే పెట్టాలన్న ఆదేశం కూడా అప్పుడే వచ్చింది గాని, తీవ్ర అభ్యంతరాల తర్వాత డిసెంబరు 3న దాన్ని వెనక్కి తీసుకున్నారు. సైబర్ మోసగాళ్లు విదేశాల నుంచి భారతీయ నంబర్లతో పనిచేస్తున్నారన్నది సిమ్ ఆదేశానికి శాఖ చెప్పిన కారణం. ఆ బెడద నిజమైనదే. కానీ అదే ఆదేశం దుబాయిలో పనిచేసే జగిత్యాల కూలీకి, కువైట్‌లో ఇళ్లలో పనిచేసే కోనసీమ మహిళకు కూడా వర్తిస్తుంది. వాళ్లు ఊరి నంబరు మీదే ఇంటివాళ్లతో మాట్లాడతారు. అక్కడి సిమ్ ఒకటి ఫోనులో ఉంచుకుంటూనే, బ్యాంకు ఓటీపీ కోసం ఇక్కడి సిమ్‌ను రీచార్జ్ చేయిస్తూ బతికిస్తారు. ఒకే సిమ్ పట్టే ఫోనున్నవారు ఈ రెండింటిలో ఏదో ఒకటి తీసి పక్కన పెట్టాలి.